కర్నూలులో వెన్నునీరు టెస్టు: కౌంటు భేష్, కల్చర్ దగ్గరే చిక్కు

గాయత్రి ఎస్టేట్ ఆసుపత్రుల మధ్య ఉన్న ఒక ప్రైవేటు ల్యాబులో వెన్నునీరు, అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీరు (సి.ఎస్.ఎఫ్.), పరీక్ష ఎలా చేస్తారన్నదే ఈ రివ్యూ. ల్యాబు పేరు రాయడం లేదు.

ముందు మెచ్చుకోవాల్సింది. వెన్నునీరు వస్తే రక్తం ట్యూబుల వరుసలో పెట్టరు, అప్పటికప్పుడు అందుకుంటారు. అలాగే చేయాలి. గది వేడిమిలో ఉంచితే అందులోని న్యూట్రోఫిల్ కణాల్లో (ఒక రకం తెల్లకణాలు) దాదాపు మూడో వంతు, ఒక్క గంటలోనే చితికిపోతాయి, రెండు గంటలకు సగం మిగలవు. ఇక మే నెల కర్నూలు ఎండలో బండి డిక్కీలో వచ్చిన శాంపిల్ సంగతి చెప్పేదేముంది? నంద్యాల, ఆదోని నుంచి పంపేవాళ్లు కణాల లెక్క, గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి బ్యాక్టీరియాను మైక్రోస్కోపులో చూడటం) అక్కడే చేయించి, మిగతా పరీక్షలకు మాత్రమే ఇక్కడికి పంపడం మేలు.

కౌంటు చేత్తోనే చేస్తారు. నీరు తేటగా ఉంటే ఏమీ కలపకుండా న్యూబార్ చాంబర్‌లో (కణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక) వేసి, తొమ్మిది పెద్ద గళ్లూ లెక్కపెట్టి, వచ్చిన సంఖ్యను 10తో గుణించి 9తో భాగిస్తారు. పెద్దవాళ్లలో మైక్రోలీటరుకు 5 తెల్లకణాలు దాటకూడదు. రక్తం మెషిన్ వేలల్లో లెక్కించడానికి పుట్టింది, 4కూ 14కూ తేడా దాన్ని అడిగి ప్రయోజనం లేదు. ఏ కణాలు ఎన్నో కూడా చాంబర్‌లోనే చూసి అంచనాగా రాసేయకుండా, సెంట్రిఫ్యూజ్ చేసి (మెషిన్‌లో వేగంగా తిప్పి కణాలను అడుక్కి చేర్చి) స్లైడు తీసి లీష్మన్ రంగు వేసి చూస్తారు. ఊళ్లో అందరూ పడే శ్రమ కాదిది.

రిపోర్టు కాగితం మాత్రం ఆ పనితనానికి తగ్గట్టు లేదు. ‘కొద్దిగా రక్తం కలిసింది’ అని రాసి ఊరుకుంటారు. ఎర్రకణాల సంఖ్య ఉండదు, ఏ ట్యూబులోంచి లెక్కించారో ఉండదు. సూది గుచ్చినప్పుడు కలిసిన రక్తమైతే మొదటి ట్యూబు నుంచి చివరిదానికి పలచబడుతుంది, తిప్పాక పైనీరు తేటగా ఉంటుంది. మెదడులో రక్తస్రావమై కొన్ని గంటలు గడిస్తే పైనీరు పసుపుగా కనిపిస్తుంది. రక్తంతో పాటు వచ్చిన తెల్లకణాలను, సుమారు 500 నుంచి 1000 ఎర్రకణాలకు ఒకటి చొప్పున, డాక్టరు తీసేసి చూడాలంటే ఆ సంఖ్య కావాలి కదా!

ప్రొటీన్ (మామూలుగా డెసిలీటరుకు 15–45 మి.గ్రా.) నమ్మకంగానే చేస్తారు. గ్లూకోజ్ దగ్గర కౌంటరులో ఒక ప్రశ్న అడగరు: అదే వేళకు రక్తంలో చక్కెర ఎంత? వెన్నునీటిలో 70 ఉంటే బాగున్నట్టే కనిపిస్తుంది. కానీ షుగరు మనిషికి రక్తంలో 240 ఉంటే అది మూడో వంతు కూడా కాదు, ఉండాల్సింది దాదాపు మూడింట రెండొంతులు. కాబట్టి నీరు తీయబోయే ముందే రక్తం తీసి బూడిదరంగు మూత ట్యూబులో పంపండి.

అసలు చిక్కు కల్చర్, అంటే శాంపిల్‌లోని క్రిములను పెంచి చూసే పరీక్ష. గ్రామ్ స్టెయిన్ ఇక్కడే చేస్తారు, కల్చర్‌ను హైదరాబాద్ పంపుతారు, అదీ మిగతా శాంపిళ్లతో కలిపి ఐస్ బాక్సులో. మెదడు పొరల వాపు తెచ్చే మెనింగోకాకస్, హీమోఫిలస్ బ్యాక్టీరియా చలికి చచ్చిపోతాయి. తర్వాత ‘ఏమీ పెరగలేదు’ అని వస్తే దానికి విలువెంత? చాక్లెట్ అగార్ (ఈ క్రిములు పెరిగే పోషక పళ్లెం) మీద ఇక్కడే వేయాలి, లేదా కల్చర్ ట్యూబును విడిగా, ఐస్ లేకుండా పంపాలి. ఐస్ అవసరమయ్యేది వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పి.సి.ఆర్.కు. ఈ తేడా తీసుకెళ్లే కుర్రాడికి ఎవరైనా చెప్పాలి.

టీబీ అనుమానమైతే ఏ.డి.ఏ. (ఒక ఎంజైమ్ కొలత) ఒక్కటి చూసి తేల్చకండి. లీటరుకు 10 యూనిట్లు దాటితే అనుమానం బలపడుతుంది, అయితే చీము మెదడువాపులోనూ అది పెరుగుతుంది. సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) టీబీ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, ఇక్కడ డబ్బు కట్టనక్కర్లేదు. అందులో నెగెటివ్ వచ్చినా టీబీ లేదని కాదు. మిల్లీలీటరు నీరు పంపి అన్నీ చేయమంటే ఏదీ సరిగ్గా రాదు, టీబీకి విడిగా 5 మి.లీ. అయినా ఉంచాలి. మొదటి ట్యూబు బయోకెమిస్ట్రీకి, రెండోది మైక్రోబయాలజీకి, మూడోది కౌంటుకు.

రాత్రిపూట ఒక్క టెక్నీషియనే ఉంటారు. సూది వేయకముందే ఫోన్ చేయించండి.