ఎండల గురించి చెబితే కదులుతారా, కరెంటు బిల్లు చూపిస్తేనా?

వాతావరణం మారుతోందా అని మా వీధిలో ఎవరినడిగినా "మారక? మా చిన్నప్పుడు ఇంత ఎండలెక్కడివి" అంటారు. 2015 మేలో ఆంధ్ర, తెలంగాణల్లో వడగాడ్పులకు ఎన్ని వందల మంది పోయారో అందరికీ గుర్తే. నమ్మించే పని అయిపోయింది. కదిలించడమే మిగిలింది. అందుకు మూడు దారులు మన కళ్లముందే నడిచాయి.

ఒకటి, బతిమాలడం. 2015 మార్చిలో గ్యాస్ సబ్సిడీ వదులుకోమని 'గివ్ ఇట్ అప్' పెట్టారు. అది వాతావరణం కోసం కాదు, పేదింటి పొయ్యి కోసం. అయినా మనిషి అడిగితే ఇస్తాడా అన్నదానికి మంచి పరీక్షే. ఏడాదిలో సుమారు కోటి కుటుంబాలు వదులుకున్నాయి. తక్కువేం కాదు. కానీ 2016 జనవరి నుంచి ఏటా 10 లక్షలకు పైగా ఆదాయమున్నవాళ్లకు ప్రభుత్వమే ఆపేసింది. అంటే అడగడంతో సరిపోలేదన్నమాట.

రెండోది, చవక చేయడం. ప్రభుత్వ సంస్థ టోకున కొనే ఎల్‌ఈడీ బల్బు 2014లో 310 రూపాయలు, రెండేళ్లకు 38. 60 వాట్ల పాత బల్బు చోట 9 వాట్లది వచ్చింది. భూమి వేడెక్కుతోందని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, బిల్లు తగ్గుతుందన్నారంతే. ఇప్పుడు పాత బల్బు కావాలన్నా వెతుక్కోవాలి. చిక్కల్లా మిగిలిన డబ్బుతోనే. పది బల్బులు మార్చి ఒక సాయంత్రం మిగిల్చిన కరెంటును కొత్త ఏసీ రెండు మూడు గంటల్లో మింగేస్తుంది.

మూడోది, చెప్పకుండా పెట్టేయడం. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలి. ఒక్క డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు ఆదా అని అధికారుల లెక్క. కానీ రిమోట్ మన చేతిలోనే ఉందిగా! చుట్టం రాగానే "ఏసీ పనిచేయట్లేదా?" అంటాడు, మనం మొహమాటానికి 18కి దించేస్తాం.

నా ఓటు రెండోదానికే, ఒక షరతుతో: చవక చేసింది అందరి చేతికీ అందాలి. బల్బు ఎవరికి వారు మార్చుకునే వస్తువు. సోలార్ అలా కాదు. 2024లో వచ్చిన సూర్య ఘర్ అనే మేడమీది సోలార్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ ఉన్నా మిగతాది చేతి నుంచి పెట్టాలి, మేడ సొంతదై ఉండాలి. అద్దెకుండేవాడు ఎంత నమ్మినా ఏం చేస్తాడు?

మా అపార్ట్‌మెంట్ మేడ అందరిదీ, కాబట్టి ఎవరిదీ కాదు. కామన్ మీటరుకైతే కిలోవాట్‌కు 18 వేలు ఇస్తారట. పోయిన మీటింగ్‌లో పర్యావరణం అని మొదలుపెట్టాను, సగం మంది ఫోన్లు చూసుకున్నారు. ఈసారి లిఫ్టు, మోటారు బిల్లులు జిరాక్స్ తీసి పంచుతాను.