‘అధిపతి’ వెనుక దాగిన మూడు మాటలు: పర్లాకిమిడిలో హెబ్రీ పదాల తరగతి

గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఒక ప్రార్థన మందిరం వెనుక గదిలో, బైబిలు పాత నిబంధనలో పాలకులను సూచించే హెబ్రీ మాటల మీద ఆరు శనివారాలు తరగతి జరిగింది. మూడు వందల రూపాయలు రుసుము కట్టి, ఒక్క శనివారం కూడా మానకుండా వెళ్ళాను. వచ్చిన పద్నాలుగు మందిలో సగం తెలుగువాళ్ళం, మిగిలినవారు ఒడియా, సవర కుటుంబాలవారు. పాఠం తెలుగులోనే సాగింది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకొని దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన ఊరు ఇది. కాబట్టి మాటకు అర్థం చెబుతామని ఇక్కడ ఎవరు కూర్చున్నా వినేవాళ్ళు కొంచెం గట్టిగానే ఆశిస్తారు.

పాఠం చెప్పే అయ్యగారు మొదటి రోజే మూడు వచనాలు చదివించారు. యెషయా 9:6లో ‘సమాధానకర్తయగు అధిపతి’, యెహెజ్కేలు 37:25లో అధిపతిగా ఉండబోయే దావీదు, దానియేలు 9:25లో ‘అభిషిక్తుడగు అధిపతి’. మన తెలుగు బైబిలులో మూడు చోట్లా ఒకటే మాట. మూలంలో మాత్రం వరుసగా సర్, నాసీ, నాగీద్ అనే మూడు వేర్వేరు మాటలు. నలభై ఏళ్ళుగా ఈ వచనాలు చదువుతున్న నాకు ఆ సంగతి తెలియదు. కట్టిన రుసుము ఆ గంటలోనే తీరిపోయిందనిపించింది.

అన్నిటికన్నా బాగా చెప్పింది నాగీద్ గురించి. 1 సమూయేలు 8వ అధ్యాయంలో ప్రజలు అడిగింది మెలెఖ్‌ను, అంటే రాజును. 9:16లో దేవుడు సమూయేలు ప్రవక్తతో సౌలును అభిషేకించమన్నప్పుడు వాడిన మాట నాగీద్. ‘ఎదుట’ అనే అర్థమున్న నెగెద్, ‘తెలియజెప్పాడు’ అనే హిగ్గీద్ కూడా ఇవే అక్షరాలతో ఏర్పడతాయి కనుక, ముందు నిలిచినవాడనీ, ముందుగా ప్రకటింపబడినవాడనీ రెండు విధాలుగా వివరించేవారున్నారని చెప్పి, ఏదో ఒకదానికి మమ్మల్ని కట్టిపడేయకుండా వదిలారు. పినతండ్రి అడిగినప్పుడు సౌలు గాడిదలు దొరికిన సంగతి చెప్పి, రాజ్యం సంగతి చెప్పకుండా దాచే 10:16లో ఆ ‘చెప్పడం’ కూడా హిగ్గీదేనని చూపించినప్పుడు, పాఠం వింటున్నట్టు కాక కథ వింటున్నట్టు ఉంది. నాగీద్ అన్నప్పుడల్లా రాజే కావాలని లేదు: హిజ్కియా రాజుకూ ఆ మాట చెల్లింది, 1 దినవృత్తాంతములు 9:20లో ద్వారపాలకుల మీద అధికారిగా ఉన్న ఫీనెహాసుకూ చెల్లింది.

నాసీకి మూలం ‘పైకెత్తడం’ అనే అర్థమున్న ధాతువు. సంఖ్యాకాండము 7వ అధ్యాయంలో గోత్రానికొకరుగా అర్పణలు తెచ్చే పన్నెండుమంది ప్రధానులూ నాసీలే. దాని బహువచనం నెసీయీమ్ సామెతలు 25:14లో మబ్బులకు వస్తుంది, అదీ వానలేని మబ్బులకు. ఎన్నికలు చూసిన జనం కాబట్టి గదిలో నవ్వు ఆగలేదు. సర్ అంటే ఎక్కువగా పై వాడి కింద ఒక పనికి నియమితుడైన అధికారి. సైన్యానికి సర్ ఉంటాడు, ఫరో పానదాయకులకూ ఒక సర్ ఉన్నాడు. ఈ తేడా మాకు సరిగ్గా పట్టుబడింది వెనుక వరుసలోని సవర పెద్దాయన వల్ల. “మా ఊళ్ళో గమాంగ్ వేరు, సర్పంచ్ వేరు అయ్యగారూ. ఒకరిది వంశం, ఒకరిది ఓటు” అన్నారాయన. గమాంగ్ అంటే సవర ఊళ్ళో వంశపారంపర్యంగా వచ్చే పెద్ద. పోలిక పూర్తిగా అతకదు, కానీ బల్ల మీద రాసిన పట్టిక కన్నా అదే నాకు గుర్తుండిపోయింది.

లోపాలు చెప్పక తప్పదు. అయిదో వారం అయ్యగారు పాఠం వదిలి ప్రసంగంలోకి వెళ్ళి, ఈ మాటలన్నిటికీ అసలు అర్థం ‘సేవకుడు’ అన్నారు. వినడానికి బాగున్నా, మాటల్లో ఆ అర్థం లేదు. సామెతలు 28:16లో ప్రజలను పీడించే తెలివితక్కువ పాలకుణ్ణి కూడా నాగీద్ అనే అన్నారు. నాయకుడు సేవకుడిలా ఉండాలన్నది మంచి బోధే, కానీ దాన్ని నిఘంటువులోకి ఎక్కించకూడదు.

రెండోది జిరాక్సు కాగితాల గోడు. హెబ్రీలో నూన్, గీమెల్ అక్షరాలు కొత్తవాళ్ళకు ఒకేలా కనిపిస్తాయి, నాగీద్‌లో ఆ రెండూ పక్కపక్కనే వస్తాయి. సర్ అనే మాటలో మొదటి అక్షరానికి ఎడమవైపు చుక్క ఉంటే ‘స’, కుడివైపు ఉంటే ‘ష’. షర్ అంటే పాడేవాడు. మాకిచ్చిన నకలులో చుక్కలు సగం ఎగిరిపోయి, రెండు వారాలపాటు అధికారి ఎవరో పాటగాడు ఎవరో తేల్చుకోలేకపోయాం. పక్కన కూర్చున్న ఒడియా టీచరమ్మ తన అచ్చు పుస్తకంతో సరిపోల్చి నా కాగితాల మీద ఎర్ర ఇంకుతో చుక్కలు పెట్టిచ్చారు. వచ్చే విడతలో చేరేవాళ్ళు వెంట ఒక ఎర్ర కలం తీసుకెళ్ళండి.