బార్మాలో నది ఒడ్డున మకాం: అద్దె లేదు, వసతులూ లేవు

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు ఉత్తరపు అంచున, మర్రే నది వెంట ఉంటుంది బార్మా నేషనల్ పార్కు. మెల్‌బోర్న్ నుంచి సుమారు 225 కిలోమీటర్లు. నది ఒడ్డున డేరా వేసుకోవడానికి బుకింగ్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. మట్టి దారుల్లో పోతూ, నది వంపులో ఖాళీ చోటు కనిపిస్తే దిగిపోవడమే. అయితే అక్కడ కుళాయి, టాయిలెట్, చెత్తబుట్ట, కరెంటు ఏదీ ఉండదు. సామాను లెక్కగా సర్దుకునేవాళ్లకి మెల్‌బోర్న్ నుంచి ఒక పూటలో చేరుకునే చోట్లలో మేము ముందు చెప్పేది ఇదే. అక్కడికెళ్లి చూసుకుందాంలే అనేవాళ్లకి రెండో పూటకే చుక్కలు కనిపిస్తాయి. చంటిపిల్లలతో మొదటిసారి వెళ్తుంటే నది ఒడ్డు జోలికి పోకుండా బార్మా లేక్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగండి. అక్కడ కనీసం గుంట మరుగుదొడ్లు, బల్లలు ఉన్నాయి.

సీజన్ విషయంలో చాలామంది బోల్తా పడతారు. మర్రే నదిలో నీళ్లు అతి తక్కువగా పట్టే ఇరుకు భాగం, బార్మా చోక్, ఇక్కడే ఉంది. వేసవిలో, అంటే అక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, దిగువ పొలాలకు వదిలే సాగునీటితో ఇది గట్ల దాకా నిండి పారుతుంది. ఫొటోల్లో ఊరించే ఇసుక తిన్నెలు ఆ నెలల్లో చాలావరకు నీళ్ల కిందే ఉంటాయి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వరద వల్లనో, అడవి బతకడానికి కావాలనే మళ్లించే నీటి వల్లనో లోపలి దారులు మూతపడుతుంటాయి. మార్చి చివర నుంచి మే దాకా మంచి కాలం. ఈస్టర్ సెలవులు మాత్రం వదిలేయండి, మంచి వంపులన్నీ ముందురోజే నిండిపోతాయి.

ఇది రివర్ రెడ్ గమ్ చెట్ల అడవి. అవతలి ఒడ్డున న్యూ సౌత్ వేల్స్‌లో ఉన్న మిల్లెవా అడవితో కలిపితే ప్రపంచంలో ఈ జాతి అడవుల్లో ఇదే పెద్దది. ఖమ్మం, భద్రాచలం వైపు కాగితం కోసం పెంచే జామాయిల్‌కి ఇది దగ్గరి చుట్టమే, కానీ ఇక్కడ మానులు వందల ఏళ్లవి. ఈ చెట్టుకి ఒక పాడు గుణం ఉంది. గాలి ఊసే లేని ఎండ మధ్యాహ్నం కూడా, పచ్చగా ఉన్న కొమ్మనే ఉన్నట్టుండి వదిలేస్తుంది. ఆ కొమ్మ కారు పైకప్పుని అణిచేసేంత బరువుంటుంది. అందుకే డేరా కొట్టేముందు కింద కాదు, పైకి చూడాలి. ఎండిన కొమ్మ ఉందా, విరిగి మరో కొమ్మ మీద ఆగినది ఉందా, మాను మీద తాజాగా చీలిన గాయం ఉందా? మొదలుకి దూరంగా జరిగితే చాలదు, కొమ్మల చివరలు దాటి బయటికి రావాలి. అంటే నీడ వదులుకోవాలి. నీడకి టార్పాలిన్ తెచ్చుకోండి. గట్టు అంచుకి కారు ఆనించొద్దు, నది కింద మట్టిని కోసేసి పైన గడ్డి పొర మాత్రమే మిగిల్చిన చోట్లు ఉన్నాయి.

ఇక నీళ్లు. తాగడానికి, వంటకి మనిషికి రోజుకి 5 లీటర్లు పెట్టుకోండి. నలుగురికి రెండు రాత్రులు, అంటే రెండున్నర రోజులకి 50 లీటర్లు, మంట ఆర్పడానికి విడిగా 10. మొత్తం 20 లీటర్ల క్యాన్లు మూడు. బియ్యం ఇంట్లోనే కడిగి, ఆరబెట్టి తెచ్చుకుంటే ఇందులో చాలా మిగులుతుంది. గిన్నెలు తోమడానికి నది నీళ్లు బకెట్‌తో పట్టుకొచ్చి ఒడ్డుకి 50 మీటర్లు ఇవతల కడగండి. కాచి తాగుదామనుకుంటే ఒక మెలిక ఉంది: నీలి-ఆకుపచ్చ నాచు పట్టిన కాలంలో ఆ విషం మరిగించినా పోదు.

మనవాళ్లు ఎక్కువగా తెచ్చేది బ్రీఫ్‌కేస్ ఆకారంలో ఉండే బ్యూటేన్ స్టవ్. దాని మీద పెద్ద దోసె పెనం పెట్టకూడదు. పెనం అంచు పక్కనున్న గ్యాస్ డబ్బా గది మీదికి వస్తే వేడి కిందికి కొట్టి డబ్బా లోపల ఒత్తిడి పెరుగుతుంది, పేలే ప్రమాదం ఉంది. బర్నర్ దాటి ఎక్కువ బయటికి రాని చిన్న పెనం, మూడు లీటర్ల కుక్కర్ చాలు. శీతాకాలపు ఉదయాల్లో ఇంకో తంటా: బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవ్వడం మానేస్తుంది, మంట మినుకుమంటుంది. జూన్, జూలైల్లో ప్రొపేన్ కలిసిన గ్యాస్ గానీ, చిన్న ఎల్‌పీజీ సిలిండర్ గానీ తెచ్చుకోవాలి. మొదటి పూటకి పులిహోర చేసుకెళ్తే పొయ్యి గొడవే లేదు.

మంట వేసుకోవాలంటే 30 సెంటీమీటర్ల లోతు గుంట, చుట్టూ 3 మీటర్లు ఆకూ అలమూ లేని నేల ఉండాలి. పక్కన 10 లీటర్ల నీళ్లు ఉండాలి. ఆర్పేటప్పుడు మట్టి కప్పొద్దు, లోపల నిప్పు గంటల తరబడి ఉంటుంది. నీళ్లు పోసి, కలిపి, చేత్తో తాకినా వేడి తగలనంత వరకు మళ్లీ పోయండి. టోటల్ ఫైర్ బ్యాన్ (కార్చిచ్చు భయంతో ఆరుబయట మంటలు నిషేధించిన) రోజున నేషనల్ పార్కులో గ్యాస్ స్టవ్ కూడా వెలిగించకూడదు. ఆ ఒక్క రోజుకి సరిపడా రొట్టె, పెరుగు, పచ్చడి ఉంచుకోండి.

టాయిలెట్ సంగతి ఎవరూ ముందుగా అడగరు. కెమికల్ పోర్టబుల్ టాయిలెట్ అన్నిటికంటే నయం, కానీ దాన్ని అడవిలో పారబోయకూడదు, ఊళ్లో డంప్ పాయింట్‌లోనే ఖాళీ చేయాలి. గొయ్యి తవ్వేట్టయితే నీటికి 100 మీటర్ల దూరంలో, జానెడు లోతుకి తగ్గకుండా తవ్వాలి. ఎండాకాలం ఇక్కడి బంకమట్టి రాయిలా ఉంటుంది, తోటపని చిన్న తాపీ వంగిపోతుంది. ఉక్కు పార తెచ్చుకోండి.

1974లో ఇక్కడి దోమల్లో బయటపడ్డ వైరస్‌కి ఈ అడవి పేరే పెట్టారు. జ్వరం, కీళ్లనొప్పులు తెస్తుంది. కాయిల్స్‌ని నమ్ముకోవద్దు, డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న మందు ఒంటికి రాసుకోవాలి.

నదిలోకి తలకిందులుగా దూకకండి. నీళ్లు టీ రంగులో ఉంటాయి, మునిగిన మానులు కనిపించవు. ఆ మానుల చాటునే మర్రే కాడ్ చేప ఉంటుంది. గాలం వేయాలంటే, డేరా విక్టోరియాలోనే ఉన్నా, నది ప్రధాన ప్రవాహానికి న్యూ సౌత్ వేల్స్ లైసెన్సే కావాలి. సెప్టెంబరు 1 నుంచి నవంబరు 30 దాకా కాడ్ పట్టడం నిషేధం. మిగతా కాలంలో 55 నుంచి 75 సెంటీమీటర్ల మధ్య ఉన్నదాన్నే ఉంచుకోవచ్చు.

దారులన్నీ బంకమట్టివే. ఒక్క గట్టి వాన పడితే మామూలు కారు చక్రాలు సబ్బు మీద తిరిగినట్టు తిరుగుతాయి. ఫోన్ సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి టో ట్రక్‌ని పిలవడం కూడా కష్టమే. శని, ఆదివారాల్లో వాన సూచన ఉంటే శుక్రవారమే ప్రయాణం మానుకోండి. వెళ్లాక మబ్బు పడితే మొదటి చినుక్కే సర్దుకుని తారు రోడ్డెక్కండి. ఆలస్యమైపోతే దారి ఆరేదాకా కదలొద్దు. ఆ అదనపు రోజుకి నీళ్ల క్యాన్ ఒకటి ఎక్కువ పెట్టుకోండి.