హోబార్ట్‌లో ఐర్లండ్ ఆడ ఖైదీల చోట్లు: ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

ఒకప్పుడు బ్రిటన్ ఐర్లండ్ ఖైదీలను కూడా ఓడల్లో ఆస్ట్రేలియాకి పంపేది. ఆస్ట్రేలియా దీవి టాస్మేనియా వెళ్ళే మన తెలుగువాళ్ళు ఎక్కువగా పోర్ట్ ఆర్థర్ జైలు చూసి వచ్చేస్తుంటారు. అది మగ ఖైదీల చోటు. ఆడవాళ్ళు పడ్డ పాట్లు తెలియాలంటే టాస్మేనియా రాజధాని హోబార్ట్ ఊళ్ళోనే ఉన్న కాస్కేడ్స్ ఫీమేల్ ఫ్యాక్టరీకి ఒక పూట ఇవ్వండి.

పేరుకి ఫ్యాక్టరీయే గానీ అది జైలు. 1828లో ఒక పాత సారా బట్టీలో తెరిచారు. పెద్ద కొండ నీడ, పక్కనే వాగు. మధ్యాహ్నం కూడా చలి వదల్లేదు. ఇప్పుడు మిగిలినవి రాతి గోడలు, ఖాళీ ఆవరణలు, మేట్రన్ (ఖైదీల మీద పెత్తనం చేసే ఆవిడ) ఇల్లు. అందుకే గైడ్ టూర్ తప్పకుండా తీసుకోండి, డబ్బు దండగ కాదు. అక్కడ ఎంతమంది పసికందులు చనిపోయారో గైడ్ చెబుతుంటే నాకు కాళ్ళు కదల్లేదు.

1840లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌కి ఖైదీలను పంపడం ఆపాక ఐర్లండ్ ఆడవాళ్ళ ఓడలు టాస్మేనియాకే వచ్చాయి, 1853 దాకా. అందులో ఐర్లండ్‌లో ఘోరమైన కరువు పడ్డ ఏళ్ళు కూడా ఉన్నాయి. డబ్లిన్‌లోని గ్రాంజ్‌గోర్మన్ జైల్లో ఉంచి ఓడ ఎక్కించేవారు. బట్టలు దొంగిలించినా ఏడేళ్ళ శిక్ష పడేది. కొందరైతే, అక్కడైనా తిండి దొరుకుతుందని కావాలనే నిప్పుపెట్టి పట్టుబడ్డారు. ఆకలి ఎంతదాకా తెచ్చిందో చూడండి!

వెంట తెచ్చుకున్న పిల్లల్ని తల్లుల దగ్గర ఉంచనివ్వలేదు, హోబార్ట్‌లోనే న్యూ టౌన్ అనే పేటలోని అనాథ పాఠశాలకు పంపేశారు. సెయింట్ జాన్స్ చర్చి పక్కన ఆ భవనాలు ఇంకా ఉన్నాయి. బయటి నుంచే చూశాం. టూరిస్టులు పెద్దగా కనబడలేదు, కానీ నా మనసులో బాగా నిలిచిన చోటు ఇదే.

రేవు దగ్గర హంటర్ స్ట్రీట్‌లో ఈ ఖైదీల గుర్తుగా ముగ్గురు ఆడవాళ్ళు, ఒక బిడ్డ కంచు విగ్రహాలున్నాయి. డబ్లిన్ నది ఒడ్డున కరువు విగ్రహాలు చేసిన రోవన్ గిలెస్పీయే వీటినీ చేశాడు. 2017లో పెట్టారు. టికెట్ లేదు, పావుగంట చాలు.

బస సలమాంకా వైపు తీసుకుంటే రేవుకి నడిచి వెళ్ళొచ్చు, కాస్కేడ్స్‌కి కూడా వాగు వెంట కాలిబాట ఉంది. మేం దిగిన చోట హీటర్ సరిగ్గా పనిచేయక రాత్రంతా వణికాం. చలికాలమైతే బుక్ చేసేముందే అడగండి.

రాస్ ఊళ్ళోనూ ఇలాంటి ఫ్యాక్టరీ ఉండేది, 1854లో మూసేశారు. హోబార్ట్ నుంచి సుమారు 120 కిలోమీటర్లు. అక్కడ ఒక చిన్న ఇల్లు, గడ్డి కింద పునాదులు తప్ప పెద్దగా ఏమీ కనిపించవు. కారు లేకపోతే రాస్ వదిలేసి, ఆ సమయం న్యూ టౌన్‌కి ఇవ్వండి.