చిక్కడపల్లి డీటీపీ షాపులో లినక్స్ మింట్: ఆరు నెలల వాడకం

మా షాపులో కంప్యూటర్లు రెండు. ఒకదాని మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్, అను అనే తెలుగు ఫాంట్లు, లేజర్ ప్రింటర్. రెండోది కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు, మెయిళ్లు, వాట్సాప్ చూసుకునేది. మింట్ వేసింది రెండోదానికి. లినక్స్ మింట్ అంటే విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, దాని గుర్తు ఆకుపచ్చ.

చిక్కడపల్లిలో డీటీపీ పని ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దున శుభలేఖ, మధ్యాహ్నం ఎవరిదో కవితల పుస్తకం ప్రూఫు, సాయంత్రానికి పెద్దకర్మ కార్డు, అది మాత్రం గంటలో కావాలి. వచ్చిన ప్రతివాళ్లూ జేబులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీస్తారు. అది అంతకుముందు ఎన్ని జిరాక్స్ షాపులు తిరిగొచ్చిందో దేవుడికే ఎరుక.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. నా రెండు మిషన్లూ అదే. పెన్‌డ్రైవ్‌ల మిషన్ 2014లో కొన్నది, ఫోర్త్ జెనరేషన్ ఐఫైవ్, 4 జీబీ ర్యామ్. మా దగ్గర్లోనే ఒకాయన చూసి, "పారేయండి మేడమ్, కొత్తది నలభై ఐదు వేలలో ఇప్పిస్తా" అన్నాడు. నలభై ఐదు వేలంటే నాకు ఎన్ని శుభలేఖలో లెక్కేసుకుని నోరు మూసుకున్నాను.

సీపీయూ డబ్బా ఆటోలో పెట్టుకుని ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయాను. అక్కడ పై అంతస్తులో చిన్న రిపేరు షాపు కుర్రాడు మూత కూడా తీయకముందే చెప్పేశాడు: "అక్కా, విండోస్ లెవెన్‌కి ఇంటెల్ అయితే ఎయిత్ జెనరేషన్ నుంచే కావాలె. టీపీఎం టూ అని సెక్యూరిటీ చిప్ కూడా ఉండాలె, నీ దాంట్ల లేదు. గుంజి ఎక్కించొచ్చు గానీ రేపు అప్‌డేట్ ఆగితే నన్ను తిట్టొద్దు." ఆ ముక్క ముందే చెప్పినందుకు వాడి మీద నమ్మకం కుదిరింది. 240 జీబీ ఎస్‌ఎస్‌డీకి (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్క్) పదహారు వందలు, పాత డీడీఆర్3 ర్యామ్ ఇంకో 4 జీబీకి ఏడు వందలు తీసుకున్నాడు. బిగించినందుకు వంద అడిగాడు, ఇచ్చాను.

మింట్ మాత్రం నేనే వేసుకున్నాను. 22వ వెర్షన్, తేలిగ్గా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. డౌన్‌లోడ్ దాదాపు 3 జీబీ. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్నుంచే బూట్ చేస్తే ఇన్‌స్టాల్ చేయకుండానే మొత్తం వాడి చూడొచ్చు. వైఫై, సౌండ్, మానిటర్ అన్నీ చూసుకున్నాకే డిస్క్ మీద వేశాను. ఈ వెర్షన్‌కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఇదివరకు మిషన్ ఆన్ చేసి చాయ్ తాగొచ్చేదాన్ని, ఇప్పుడు అర నిమిషం పట్టదు. ఆ మెచ్చుకోలు నిజానికి ఎస్‌ఎస్‌డీకి చెందాలి, మింట్‌కి కాదు.

మింట్‌ని మెచ్చుకోవాల్సింది ఇంకోచోట. మొదటి వారంలోనే ఒక పెద్దాయన తన వ్యాసాల పెన్‌డ్రైవ్ తెచ్చాడు. "ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయమ్మా, నలభై ఏళ్ల రాత పోయింది" అని మనిషి వణికిపోతున్నాడు. మింట్‌లో పెట్టాను. ఫోల్డర్లన్నీ మామూలుగా ఎదురుగా ఉన్నాయి, పక్కనే అదే పేర్లతో ఉత్తుత్తి షార్ట్‌కట్ ఫైళ్లు. ఆ వైరస్ చేసేదల్లా అసలు ఫోల్డర్లను విండోస్‌కు కనపడకుండా దాచడం. లినక్స్ ఆ దాపరికాన్ని పట్టించుకోదు, ఆ షార్ట్‌కట్‌లు అక్కడ పని కూడా చేయవు. ఆయనకు ఫోల్డర్లు చూపిస్తే కుర్చీలో కూలబడి మంచినీళ్లు అడిగాడు. అలాగని డ్రైవ్ మొత్తం కాపీ కొట్టి విండోస్ మిషన్‌లో పెడితే వైరస్ కూడా వెంట వస్తుంది. కావలసిన ఫైలు ఒక్కటే తీసి, బయటివాళ్లకు ఇవ్వని నా సొంత పెన్‌డ్రైవ్‌లో ఎక్కిస్తాను. విండోస్ మిషన్‌కు ఇంటర్నెట్ తీసేశాను.

దాన్ని కూడా మార్చేయొచ్చు కదా అని అడుగుతారు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. దానికి యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో తెలుగు రాసే పద్ధతి) తెలియదు. మా పదిహేనేళ్ల ఫైళ్లన్నీ అందులో, అను ఫాంట్లలో ఉన్నాయి. మింట్‌లో వైన్ (విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపించేది) పెట్టి రెండు సాయంత్రాలు కుస్తీ పట్టి వదిలేశాను. విండోస్ 10కి 2026 అక్టోబరు 13 దాకా అదనపు అప్‌డేట్లు ఇస్తున్నారు, 30 డాలర్లు కట్టి గానీ, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు బ్యాకప్ పెట్టుకుని ఉచితంగా గానీ. నెట్టే లేని మిషన్‌కు అదెందుకని నేను తీసుకోలేదు. నెట్ వాడేవాళ్లయితే తీసుకోవాలి.

ఇక నన్ను ఏడిపించిన సంగతి. కస్టమర్లు వాట్సాప్‌లో పంపే తెలుగు యూనికోడ్. దాన్ని మింట్‌లో బ్రౌజర్‌లోనే అనులోకి కన్వర్ట్ చేసి, టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేసి, విండోస్‌లో పేజ్‌మేకర్‌లోకి తెచ్చాను. సగం ఒత్తులు మాయం, మధ్యమధ్యలో పిచ్చి అక్షరాలు. ముహూర్తం లైను చదివితే ఏ భాషో తెలియలేదు. పెళ్లివాళ్లు ఎదురుగా కూర్చుని ఉన్నారు, నాకేమో టెన్షన్. రాత్రి కూర్చుంటే తెలిసింది: అనుకి తెలుగంటే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల వేషమే. మింట్ ఎడిటర్ మామూలుగా యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) సేవ్ చేస్తుంది, అప్పుడు ఆ గుర్తుల్లో చాలావాటికి ఒక బైటు బదులు రెండు మూడు బైట్లు పడతాయి. పాత పేజ్‌మేకర్ వాటిని విడివిడి అక్షరాలుగా చదువుకుంటుంది. సేవ్ యాజ్ పెట్టెలో అడుగున క్యారెక్టర్ ఎన్‌కోడింగ్ అని ఉంటుంది, అక్కడ అక్షరానికి ఒకే బైటు వాడే విండోస్-1252 ఎంచుకుంటే ఒక్క ఒత్తు కూడా పోదు. నాలాగా రెండు మిషన్లతో పనిచేసే డీటీపీవాళ్లు ఇదొక్కటి రాసిపెట్టుకోండి.

ప్రింటర్ మింట్‌తో కలవలేదు. పాత లేజర్, ఏ కంపెనీయో చెప్పను. డ్రైవర్ వేశాక ఒక పేజీ వచ్చి రెండోదానికి మొండికేసేది, అందుకే దాన్ని విండోస్‌కే వదిలేశాను. మీ ప్రింటర్ సంగతి ముందు ఆ పెన్‌డ్రైవ్ బూట్‌లోనే తేల్చుకోండి.

తెలుగు టైపింగ్ మాత్రం అనుకున్నదాని కంటే నయం. ఐబస్‌లో (మన భాషలు టైపు చేయడానికి మింట్‌లో వాడే సాధనం) ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ ఉంది, నాలాంటి పాతకాలం వాళ్ల కోసం ఆపిల్ కీబోర్డు లేఅవుట్ కూడా ఉంది. రామభద్ర, మండలి, సూరన్న, పెద్దన లాంటి ఉచిత ఫాంట్లు వేసుకుని చిన్న కరపత్రాలు లిబ్రేఆఫీస్‌లోనే చేసేస్తున్నాను. శుభలేఖకు మాత్రం ఇంకా ధైర్యం చాలడం లేదు, అను అక్షరాల ఒంపులకు జనం కళ్లు అలవాటుపడిపోయాయి.

ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి ప్రింటర్ ఖాతాలో. మొన్న ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు, ఇంకో పెన్‌డ్రైవ్‌తో. "మీ ఆకుపచ్చ కంప్యూటర్‌లోనే పెట్టమ్మా" అన్నాడు.