రాజు ఎండ కాచుకునే అరుగు: ఐదేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తా, మా తాబేలు రాజు ఆడది. కొన్న మూడేళ్లకి గానీ ఆ సంగతి తెలియలేదు. ఈ జాతిలో మగవాటికి ముందుకాళ్ల గోళ్లు బారుగా పెరుగుతాయి. దీనికి గోళ్లు పెరగలేదు, ఒళ్లు పెరిగింది. అప్పటికే పేరు నోటికి అలవాటైపోయింది.

జాతి రెడ్ ఇయర్డ్ స్లైడర్. సొంతూరు అమెరికాలో మిసిసిపీ నదీ ప్రాంతం. మన అక్వేరియం షాపుల్లో కళ్ల వెనక ఎర్ర చారతో, ఆకుపచ్చ బిళ్లల్లా ఈదుతుండేది ఇదే. 2020 చివర్లో హైదరాబాద్‌లో కొన్నప్పుడు అగ్గిపెట్టెంత ఉండేది, ఇప్పుడు జానెడు. "గింజలేస్తే చాలు సార్, ఇంకేం అక్కర్లేదు" అని చేతిలో పెట్టాడు షాపతను. ఆ ఇంకేం కోసం నేను కొన్నవాటి కథే ఇది.

మొదట కొన్నది, ఎక్కి ఎండ కాచుకోవడానికి నీళ్ల మీద తేలే ప్లాస్టిక్ మెట్టు, సక్షన్ కప్పులతో అద్దానికి అంటుకునేది. చిన్నప్పుడు బాగానే పనిచేసింది. ఏడాది తిరిగేసరికి రాజు ఎక్కగానే ఓ పక్కకి ఒరిగి, డిప్ప సగం నీళ్లలోనే ఉండిపోయేది. రాత్రిళ్లు కప్పులు ఊడి దబ్బుమనేది. తర్వాత కొన్నది అదే రకం, ఇంకాస్త పెద్దది, అంతే తేడా. మూడోదానికి పైన ప్లాస్టిక్ గడ్డి అతికించి ఉంది. ఓ వారం చూసేసరికి రాజు మలంలో ఆకుపచ్చ పోగులు! గడ్డి పీకి తింటోంది. ఆ రోజే తీసి పారేశా.

నాలుగోది నేనే కట్టుకున్నా. పీవీసీ పైపులతో చట్రం, దాని మీద మా ఇంటి ఫ్లోరింగ్‌లో మిగిలిన తాండూరు బండ ముక్క, నీళ్లలోంచి ఎక్కడానికి వాలుగా ప్లాస్టిక్ జాలీ. నున్నటి వైపు పైకి పెడితే జారి పడింది, తిరగేసి గరుకు వైపు పెట్టాక కుదిరింది. బండ వేడిని పట్టుకుంటుంది, పొట్టకి వెచ్చగా ఉంటుంది. మూడేళ్లయింది, కదల్లేదు. దానికి పెట్టిన డబ్బు మొదటి మెట్టు ధర కంటే తక్కువ.

అసలు దెబ్బ తిన్నది లైటు దగ్గర. ఎండలో ఉండే యూవీబీ అనే కంటికి కనపడని కిరణాలిచ్చే లైటు, స్క్రూ బల్బులా ఉండేది, ఒకటి తెప్పించి, తొట్టి అద్దం మూత మీద పెట్టాను. నీలంగా వెలిగేది, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. ఎనిమిది నెలలు అలాగే నడిచింది. 2022 ఫిబ్రవరిలో తొట్టి కడుగుతూ రాజుని పట్టుకుంటే, డిప్ప వెనక అంచు నా బొటనవేలి కింద పెరుగు డబ్బా మూతలా లొంగింది. పిల్ల తాబేలుకి డిప్ప కొంచెం మెత్తగా ఉండటం మామూలే, ఏడాది దాటినదానికి కాదు.

ఎక్స్‌రేలో ఎముకలు పల్చగా కనిపించాయి. పశువుల డాక్టరుగారు తొట్టి ఫొటో చూపించమన్నారు.

"లైటుకీ తాబేలుకీ మధ్య ఈ అద్దం ఎందుకు?"

"మా ఫ్లోర్‌లో పిల్లి తిరుగుతుందండీ."

"పిల్లి నుంచీ కాపాడారు, యూవీబీ నుంచీ కాపాడారు."

మామూలు అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. చర్మం మీద యూవీబీ పడితేనే ఒంట్లో డీ3 విటమిన్ తయారవుతుంది, అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. కిటికీ అద్దం వెనక ఎండలో పెట్టినా అంతే, వేడి తప్ప ఇంకేం రాదు. తర్వాత ఓ స్నేహితుడు తన యూవీ మీటరు తెచ్చి అరుగు మీద పెట్టాడు. అద్దం ఉంటే సున్నా. తీసేస్తే 3. ఆ సున్నా చూసినప్పుడు కడుపులో ఏదోలా అయింది.

ఆ బల్బు తీసేసి పొడవాటి యూవీబీ ట్యూబ్‌లైటు, టీ5 అనే సన్న రకం, పెట్టా. ఫిట్టింగుతో కలిపి ఆరు వేలు దాటింది. అరుగుకి అడుగు ఎత్తున, మధ్యలో ఏ అడ్డూ లేకుండా వేలాడుతుంది. పిల్లి కోసం తొట్టి చుట్టూ వేరే జాలీ కట్టించా. కాల్షియం మందులతో పాటు నీళ్లలో ఓ కటిల్ బోన్ ముక్క, అదే పాత మందుల కొట్లలో సముద్రపు నురుగు అంటారే, అది వేశా. డిప్ప గట్టిపడటానికి ఆరు నెలలు పట్టింది. వెనక అంచు కొంచెం పైకి వంగిన వంపు మాత్రం పోలేదు, ఇక పోదు కూడా. ఒక చిక్కేమిటంటే, ట్యూబు కంటికి ఎంత బాగా వెలుగుతున్నా యూవీబీ తగ్గిపోతుంటుంది. పదమూడో నెలలో అదే మీటరు 1.9 చూపించింది. ఇప్పుడు ట్యూబు మీదే కొన్న తేదీ రాసి, ఏటా మారుస్తున్నా.

వేడికి మామూలు హాలోజన్ బల్బే. 50 వాట్లు చాలు. రాజు దిగేటప్పుడు చిమ్మే నీటిచుక్క తగిలి రెండు పగిలాయి, అప్పట్నుంచి ఎత్తు పెంచి గొలుసుతో వేలాడదీశా. క్లిప్పు లైట్లని అస్సలు నమ్మకండి, ఊడి నీళ్లలో పడితే కరెంటు. బండ మీద 32 నుంచి 35 డిగ్రీలుండాలి. ఒకసారి నాలుగు రోజులపాటు రాజు అరుగు వైపే రాకపోతే అలిగిందేమో అనుకున్నా, కొలిస్తే 43! మే నెలలో హాలోజన్ వెలిగించే పనే లేదు, ట్యూబు ఒక్కటే. డిసెంబరులో దీనికి తలకిందులు: రోజంతా అరుగు మీదే కూర్చుని నీళ్లలోకి దిగడం మానేసింది. నీళ్లు 19కి పడిపోయాయి. హీటరు పెట్టి 25కి తెచ్చాక మామూలైంది. అలాంటి చలిలోనే ఒక పక్కకి ఒరిగి ఈదుతూ, ముక్కులోంచి బుడగలు వస్తుంటే న్యుమోనియా కావచ్చు, ఇంట్లో వైద్యం చేస్తూ కూర్చోకండి.

కుదిరిన రోజు చూడాలి దాన్ని. పొద్దున తిన్నాక మెల్లగా ఎక్కి, మెడ బారజాపి, వెనక కాళ్లు రెండూ గాల్లోకి చాచి, వేళ్ల మధ్య పొరలు విప్పుకుని పడుకుంటుంది. డిప్ప పూర్తిగా ఆరాక పాత పలకలు ఉల్లిపొరల్లా లేచి రాలతాయి. ఒకటి వెలుతురుకి పెట్టి చూస్తే అవతలి గోడ కనిపించింది. ఆరడం సరిగా లేనప్పుడు ఇవే అతుక్కుపోయి, కింద తడి చేరి, డిప్ప కుళ్లి వాసనొస్తుంది. మా అమ్మ దాన్ని చూసినప్పుడల్లా "రిటైరైన తాసిల్దారులా ఉందిరా" అంటుంది.

పెద్దదయ్యాక కోనేట్లో వదిలేయమని సలహాలిచ్చేవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నారు. ఇది ప్రపంచంలోని వంద చెడ్డ చొరబాటు జాతుల్లో ఒకటిగా, ప్రకృతి పరిరక్షణకి పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ప్రచురించిన జాబితాలో ఉంది, మన చెరువుల తాబేళ్ల తిండీ అరుగులూ లాక్కుంటుంది. పోనీ మన తాబేలే పెంచుకుందామంటే వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. ముప్పై ఏళ్లు బతగ్గల ప్రాణి అని తెలిసే కొనాలి. నేను తెలియక కొన్నా.

ఈ మధ్య కొత్త గోల మొదలైంది. అరుగెక్కి ఎండ కాచుకోకుండా వెనక కాళ్లతో బండని బరబరా గీకుతోంది. మగది లేకపోయినా గుడ్లు పెడుతుందట, తవ్వుకోవడానికి చోటు దొరక్కపోతే గుడ్లు లోపలే ఇరుక్కునే ప్రమాదం ఉందని డాక్టరుగారు చెప్పారు. ఆదివారం బాల్కనీలో వాషింగ్ మెషీన్ జరిపి ఇసుక తొట్టి పెట్టాలి. దానికీ ఒక దారి కావాలి, తాండూరు బండ ఇంకో ముక్క మిగిలింది.