హైదరాబాద్ పాత ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంతకాల కార్డులు కొంటున్నారా? జాగ్రత్త

అలనాటి హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంతకాలంటూ ఒక కార్డుల సెట్టు ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్మకానికి తిరుగుతోంది. పోస్టుకార్డు సైజులో ఎనిమిది నలుపు తెలుపు ఫొటోలు, ప్రతి ఫొటోకూ కుడివైపు కింది మూలన నల్లటి సంతకం, వెంట హోలోగ్రామ్ అంటించిన ధ్రువపత్రం. ధర 7,200 రూపాయలు. సంతకాలన్నీ ఆటగాళ్లు 1950లలో స్వయంగా చేసినవని అమ్మకందారు రాతపూర్వకంగా చెప్పాకే డబ్బు పంపాను. హనుమకొండలో మా ఇంటికి చేరిన ఆ సెట్టులో ఒక్క కార్డూ నమ్మదగ్గది కాదు.

ముందు రహీం సాబ్ కార్డు సంగతి. మన జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేర్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు. కార్డు మీది సంతకమేమో సన్నమొన పర్మనెంట్ మార్కర్‌తో ఉంది. ఆ రకంలో అందరికీ తెలిసిన షార్పీ అమెరికా మార్కెట్లోకి వచ్చిందే 1964లో. ఆటగాళ్లు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ కార్డుల మీదా అదే మార్కర్, అదే మందం, అక్షరాలకు అదే వాలు. వేర్వేరు మనుషులు వేర్వేరు సందర్భాల్లో చేసిన సంతకాలు ఇలా అన్నదమ్ముల్లా ఉండవు.

రెండు కార్డుల మీద సంతకం పెన్నుతో చేసింది కూడా కాదు. వరంగల్ చౌరస్తా దగ్గర ప్రింటింగ్ ప్రెస్సు నడిపే మిత్రుడు భూతద్దం పెట్టి చూసి, ‘ఇది ఫొటోతో పాటే అచ్చయింది’ అని తేల్చేశారు. నేనూ చూశాను: గీత మొత్తం సన్నని చుక్కలే. చేత్తో చేసిన సంతకంలో సిరా ఒకే ధారగా కనబడుతుంది, గీత మీద గీత పడ్డచోట రంగు ముదురుతుంది. బాల్‌పెన్ అయితే కార్డును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే నొక్కిన జాడ కూడా తెలుస్తుంది. ఒకే ఆటగాడి సంతకాలు రెండు మీ దగ్గరుంటే ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురులో చూడండి. అచ్చంగా సరిపోయాయంటే వాటిని అస్సలు నమ్మకండి, ఎవరి చెయ్యీ రెండుసార్లు అంత ఒకేలా తిరగదు.

పేరు ఎక్కువమందికి తెలియని ఆటగాళ్లనే వీళ్లు ఎందుకు ఎంచుకుంటున్నారో గమనించండి. పెలే సంతకమైతే పక్కన పెట్టి పోల్చడానికి నమూనాలు బోలెడు దొరుకుతాయి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు అనే ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది. ఆ జట్టులో ఆడినవారి సంతకం ఎలా ఉంటుందో చెప్పగలిగినవారు ఎందరున్నారు? కార్డు ఒక్కింటికి 900 రూపాయలే కదా అని కొనేవారు తరచి చూడరు. మోసగాడి ధైర్యమంతా అదే. పోలీసు ఉద్యోగం చేస్తూ దేశం తరఫున ఒలింపిక్స్ ఆడిన మనుషుల పేర్లను ఇలా వాడుకోవడం నాకు డబ్బు పోయినదానికన్నా ఎక్కువ బాధగా ఉంది.

ధ్రువపత్రం చూసి ధైర్యపడకండి. హోలోగ్రామ్ స్టిక్కర్లు ఎవరైనా ఆర్డరిచ్చి చేయించుకోవచ్చు. సంతకం ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ఎదుట జరిగిందో, ఆ కార్డు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో నాకొచ్చిన పత్రంలో ఒక్క ముక్క లేదు. ఆటగాడి కుటుంబం నుంచి వచ్చిన ఉత్తరమో, పాత ఆటోగ్రాఫ్ పుస్తకమో, మ్యాచ్ నాడు అమ్మిన కరపత్రమో అయితే కనీసం అడగడానికి ఒక మనిషి ఉంటాడు.

ప్రశ్నలు మొదలుపెట్టగానే అమ్మకందారు ముందు ‘పాత సంతకాలు అలాగే ఉంటాయి’ అన్నారు, తర్వాత వాపసు కుదరదన్నారు, చివరికి నా నంబరును బ్లాక్ చేశారు. తగ్గింపు ఆశ చూపి, వెబ్‌సైటు ద్వారా కాకుండా నేరుగా యూపీఐలో కట్టించుకున్నారు కాబట్టి ఆ సైటు వాళ్లు బాధ్యత తీసుకోవడం లేదు. ఎవరైనా ఇలా బయట కట్టమంటే ఒప్పుకోకండి.

ఇప్పటికే కొని మోసపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆన్‌లైన్ డబ్బు మోసమైతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవారు ఏ ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. చాట్ సందేశాలు, చెల్లింపు రసీదు, కొరియర్ కవరు పారేయకండి.

అదే సెట్టు ఇప్పుడు మరో పేరుతో అమ్మకానికి కనబడుతోంది. రహీం సాబ్ ఫొటోలో ఎడమ పైమూల మడతపడి ఉంటుంది, గుర్తుపట్టండి. మీ దగ్గరున్నవాటితో పోల్చుకోవాలనుకుంటే అడగండి, ఎనిమిది కార్డుల ఫొటోలూ రెండువైపులా తీసి పంపుతాను.